జిల్లా స్కిల్ ఆఫీసు బాధ్యత మీ మీద పడితే: ఆరో నెల జీతం దగ్గర మొదలుపెట్టండి

జిల్లా నైపుణ్యాభివృద్ధి అధికారిగా ఆర్డర్ చేతికొచ్చిన వారంలోనే మీ టేబుల్ మీదకు మూడు వచ్చి పడతాయి. ట్రైనింగ్ టార్గెట్ల షీటు, వచ్చే జాబ్ మేళా తేదీ, తమకు తెలిసిన ట్రైనింగ్ సెంటర్‌కు రెండు బ్యాచ్‌లు ఎక్కువ ఇవ్వమంటూ ఎవరో ఒకరి ఫోను. మూడింటికీ "చూద్దాం సార్" అనేసి పాత లిస్టు తెప్పించుకోండి. పోయిన ఏడాది ప్లేస్‌మెంట్ అయినట్టు చూపించిన వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కంపెనీ, చేరిన తేదీ అందులో ఉండాలి. నంబర్లు లేని లిస్టు ఇస్తే అది కాకిలెక్కే, అక్కడే తెలిసిపోతుంది. ఉంటే మాత్రం ఎక్కడపడితే అక్కడ ఓ యాభై పేర్లు టిక్కు పెట్టి ఫోన్లు చేయించండి, వాటిలో కొన్నైనా మీరే చేయండి.

ఫోన్‌లో ఏమడుగుతారన్నది ముఖ్యం. "ఉద్యోగం చేస్తున్నావా బాబూ?" అంటే "చేస్తున్నా సార్" అనే వస్తుంది, ఎందుకంటే ఎవరైనా ఫోన్ చేస్తే అలా చెప్పమని సెంటర్ వాళ్లు ముందే చెప్పి ఉంటారు. "పోయిన నెల జీతం ఏ తారీఖున పడింది? ఎంత పడింది?" అని అడగండి. చేసేవాడు రూపాయలతో సహా చెప్తాడు. చేయనివాడు కాసేపు నీళ్లు నమిలి, "అంటే సార్, నేను రెండు నెలలకే వచ్చేశా" అంటాడు. అప్పుడు కసురుకోకుండా ఎందుకొచ్చేశావని అడిగితే, మీ జిల్లాలో ఏం సరిచేయాలో వాడే చెప్తాడు.

నన్నడిగితే ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లు లెక్కపెట్టాల్సింది ఒక్కటే, ఉద్యోగంలో చేరాక ఆరో నెలలో జీతం పడిందా లేదా. ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చాం, ఎన్ని సర్టిఫికెట్లు పంచాం, మేళాలో ఎన్ని ఆఫర్ లెటర్లు ఇచ్చాం అనేవన్నీ మధ్యలో వచ్చే స్టేషన్లు. అక్కడే దిగిపోయి చేతులు దులుపుకునే వ్యవస్థ మనది, పైనుంచి అడిగే కాలమ్‌లు కూడా అవే కాబట్టి కింద ఉన్నవాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం.

అధికారం సంగతి కూడా మొదటే తెలుసుకోవాలి. మీ ఆఫీసుకు పని ఎక్కువ, అధికారం తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఒక వైపు, గ్రామీణ యువతకు డీడీయూ-జీకేవై అనే కేంద్ర శిక్షణ పథకం నడిపే సీడాప్ ఇంకో వైపు, ఐటీఐలు వాటి డైరెక్టరేట్ కింద, మహిళా సంఘాలు ఊళ్లలో డీఆర్‌డీఏ, పట్టణాల్లో మెప్మా కింద, పరిశ్రమలు జిల్లా పరిశ్రమల కేంద్రం (డీఐసీ) జీఎం దగ్గర, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ మరో బిల్డింగులో. తెలంగాణలో పేర్లు మారతాయి, టాస్క్, ఈజీఎంఎం, డీట్ అంటారు, కథ మాత్రం అదే. ఎవరి టార్గెట్ వాళ్లది, ఒకే అమ్మాయి పేరు మూడు శాఖల లిస్టుల్లో మూడుసార్లు "లబ్ధిదారు"గా కనిపిస్తుంది. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగేది కలెక్టర్ చైర్మన్‌గా ఉండే జిల్లా స్కిల్ కమిటీ ఒక్కటే. చాలా చోట్ల అది కాగితం మీదే ఉంటుంది. దాన్ని ప్రతి నెలా ఫలానా రోజున, అరగంటైనా సరే, జరిగేలా చూసుకోండి. మీరు పిలిస్తే రాని ప్రిన్సిపాల్ కలెక్టర్ మీటింగ్‌కు కచ్చితంగా వస్తాడు.

ఆ మీటింగ్ షీటులో "ఆరో నెల" అని ఒక కాలమ్ పెంచాలి. కానీ నేరుగా మీటింగ్‌లో పెంచి అందరి ముందూ అంకెలు చదివితే మొదట మునిగేది మీరే. ఉదాహరణకు ట్రైనింగ్ 300, చేరింది 210, మూడో నెలకు 130, ఆరో నెలకు 90 అని తెర మీద కనిపిస్తే, పత్రికల్లో వచ్చేది ఆ చివరి అంకే. అందుకని ముందు రోజు సాయంత్రం కలెక్టర్ గారిని విడిగా కలిసి, ఇది పాత బ్యాచ్‌ల లెక్క, మనం మొదలుపెడుతున్న చోటు ఇదీ, వచ్చే ఏడాది దీంతోనే పోల్చుకుందాం అని చెప్పి ఒప్పించుకోండి. మంచి కలెక్టర్ దొరికితే ఈ కాలమ్ ఆయనకే నచ్చుతుంది. కొంతమందికి నచ్చదు. వాళ్లున్నంత కాలం ఆ షీటు మీ దగ్గర ఉంచుకుని పని చేసుకోవడమే.

ఇక కంపెనీల వైపు. మీ జిల్లాలో ఏ పరిశ్రమ ఉందో తెలియకుండా టార్గెట్ షీటులో ఉన్న కోర్సులు అలాగే నడిపితే, వంద కిలోమీటర్ల దూరంలో కూడా పిలిచేవాడు లేని కోర్సులో పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని తిరుగుతారు. జిల్లా గీతలను కూడా మరీ పట్టించుకోకండి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు శ్రీసిటీ పారిశ్రామికవాడ తిరుపతి జిల్లాలోకి, పెనుకొండ దగ్గరి కియా ప్లాంటు శ్రీసత్యసాయి జిల్లాలోకి, అచ్యుతాపురం సెజ్ అనకాపల్లి జిల్లాలోకి వచ్చాయి, కానీ అక్కడ పనిచేసేవాళ్లు ఆ గీతలు చూసుకుని బస్సెక్కరు. మీ జిల్లాలో ఫ్యాక్టరీలు లేకపోతే పక్క జిల్లా అధికారితో దోస్తీ చేయండి, ఆయనకు మనుషులు కావాలి, మీకు ఉద్యోగాలు కావాలి.

హెచ్‌ఆర్ మేనేజర్‌ను కలిసినప్పుడు ఆయన కాఫీ ఇచ్చి "మాకు రెండొందల మంది కావాలి సార్, రేపే పంపండి" అంటాడు. సంతోషపడి వచ్చేయకండి. ఆ రెండొందల్లో కంపెనీ రోల్ మీద ఎంతమంది, కాంట్రాక్టర్ కింద ఎంతమంది? పోయిన మూడు నెలల్లో ఎంతమందిని తీసుకున్నారు, ఎంతమంది మానేశారు? నైట్ షిఫ్ట్ ఎన్ని వారాలకొకసారి? బస్సు ఏ ఊరి దాకా వస్తుంది? ఇవి అడగండి. తర్వాత షిఫ్ట్ మారే టైముకు గేటు ఎదురుగా టీ బంకు దగ్గర ఓ గంట నిలబడండి. హెచ్‌ఆర్ చెప్పినదాంట్లో నిజమెంతో ఆ బంకు ఓనర్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. లైన్ మీద ఉండే సూపర్‌వైజర్‌తో కూడా మాట్లాడాలి, పిల్లలు ఉండేదీ మానేసేదీ ఎక్కువగా అతని నోటిని బట్టే.

చేతిలో కొన్ని చట్టాలున్నాయి, బెదిరించడానికి పనికిరావు గానీ మాట కలపడానికి బాగా పనికొస్తాయి. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది, ఇప్పటి నియమాల ప్రకారం 30 మంది, ఆ పైన ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2016లో వచ్చిన ఎన్‌ఏపీఎస్ అనే అప్రెంటిస్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఈ సంగతి తెలిసినా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవడం బద్ధకమై ఊరుకున్న చిన్న కంపెనీలు మీ జిల్లాలో బోలెడుంటాయి. మీ ఆఫీసులో కంప్యూటర్ తెలిసిన కుర్రాణ్ని లాప్‌టాప్‌తో పంపి, వాళ్ల ఆఫీసులోనే కూర్చుని రిజిస్ట్రేషన్ చేయించి రమ్మనండి. మీరు రాసే పది లెటర్లు చేయలేని పని అది. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌కు తెలియజేయాలన్న 1959 నాటి నిబంధన కూడా ఉంది, దాన్నే సామాజిక భద్రత కోడ్‌లో కెరీర్ సెంటర్ల పేరుతో కలిపారు. తెలియజేయాలి అంతే, మీరు పంపినవాళ్లనే తీసుకోవాలని లేదు. ఆ తేడా తెలియకుండా హెచ్‌ఆర్ దగ్గర గొంతు పెంచితే పరువు పోతుంది.

జీతం దగ్గరకొద్దాం, ఎక్కువమంది జారిపోయేది అక్కడే. ఆఫర్ లెటర్‌లో నెలకు 14,593 అని ఉందనుకోండి. అది సీటీసీ, అందులో కంపెనీ కట్టాల్సిన వాటాలు కూడా కలిపేసి ఉంటాయి. గ్రాస్ (కోతలకు ముందు జీతం) 13,000, అందులో బేసిక్ (మూల వేతనం) 9,000 అనుకుంటే, కంపెనీ వైపు పీఎఫ్ చార్జీలతో సహా బేసిక్ మీద 13 శాతం, అంటే 1,170, ఈఎస్‌ఐ గ్రాస్ మీద 3.25 శాతం, అంటే 423. ఇవి పిల్లాడు కళ్లతో చూసేవి కావు. గ్రాస్‌లోంచి వాడి పీఎఫ్ 1,080, ఈఎస్‌ఐ 98 పోతే చేతికొచ్చేది 11,822. రూములో వాడి వాటా 1,500, మెస్‌కు 3,500 పోతే మిగిలేది 6,822. ఊళ్లో వాళ్ల నాన్నకు మాత్రం మేళాలో మైకులో "పదిహేను వేలు" అని వినిపించింది. మొదటి నెల ఆరు వేలు పంపితే "మిగతా తొమ్మిది వేలు ఏం చేశావురా?" అని ఫోను. ఆ ఫోన్ తర్వాత వచ్చేసిన పిల్లలు చాలామందే ఉంటారు. అందుకే పాంప్లెట్ మీదా, మేళా బోర్డు మీదా, తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడూ చేతికొచ్చే అంకె మాత్రమే చెప్పండి. కంపెనీ వాళ్లు మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి.

ఇంకొకటి, మొదటి జీతం ఎప్పుడు పడుతుందన్నది. మూడో తారీఖున చేరితే జీతం వచ్చే నెల ఏడునో పదినో. అంటే నెల మీద వారం రోజులు జేబులో పైసా లేకుండా కొత్త ఊళ్లో ఉండాలి, రూముకు అడ్వాన్స్ కట్టాలి, చెప్పులు, బకెట్, దుప్పటి కొనుక్కోవాలి. డీడీయూ-జీకేవైలో దీనికి ఏర్పాటు ఉంది. సొంత జిల్లాలో చేరితే 2 నెలలు, రాష్ట్రంలో వేరే చోటైతే 3, బయటి రాష్ట్రమైతే 6 నెలలు, నెలకు 1,000 చొప్పున ఇవ్వాలి. వచ్చే వెయ్యి ఐదో నెలలో వస్తే ఎవరికి ఉపయోగం? చేరిన వారంలోనే ఖాతాలో పడేలా ఏజెన్సీని వెంటపడి చేయించండి. ఆ పథకం లేని బ్యాచ్‌లకు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ డబ్బులో చిన్న నిధి పెట్టించండి. కంపెనీల చట్టం 2013లో సీఎస్‌ఆర్ కింద చేయదగ్గ పనుల్లో ఉపాధి నైపుణ్యాలు ఉన్నాయి కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. గనులున్న జిల్లాలైతే జిల్లా మినరల్ ఫండ్ నుంచీ స్కిల్ డెవలప్‌మెంట్‌కు తీసుకోవచ్చు, ఆ ఫైలు మాత్రం నెమ్మదిగా కదులుతుంది, ముందుగానే నోట్ పెట్టుకోండి.

ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు లేకుండా ఇంకోలా. దీనివల్ల పీఎఫ్ నంబరు రాక, జీతం ఆగి, పిల్లలు విసిగి వచ్చేయడం మామూలైపోయింది. ట్రైనింగ్ మొదటి వారంలోనే ముగ్గురు నలుగురిని చొప్పున ఆధార్ సెంటర్‌కు పంపి సరిచేయించేస్తే ఆ గోల ఉండదు. ఇది కోర్సు సిలబస్‌లో ఉండదు, కానీ నేనైతే కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు ఒకటి రద్దు చేసైనా ఇది పెట్టిస్తా.

ట్రైనింగ్ సెంటర్ తనిఖీకి ఉదయం పదకొండుకు, ముందే చెప్పి వెళ్తే కనిపించేది అలంకరణే. సాయంత్రం ఏడుకు వెళ్లండి, హాస్టల్లో ఎంతమంది ఉన్నారో తలలు లెక్కపెట్టి బయోమెట్రిక్‌తో పోల్చుకోండి. కుట్టు మిషన్ల ల్యాబ్‌లో నేల చూడండి, దారప్పోగులు, గుడ్డముక్కలు కనిపించాలి, మిషన్ మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయకపోతే అక్కడ ఎవరూ కుట్టడం లేదు. ఎలక్ట్రీషియన్ ల్యాబ్‌లో బోర్డుకు వైరింగ్ చేసి విప్పి మళ్లీ చేసిన గుర్తులుండాలి. ఆడపిల్లల హాస్టలైతే బాత్రూమ్ గడియలు మీ చేత్తో వేసి చూడండి, వార్డెన్ రాత్రి అక్కడే పడుకుంటుందా అని పిల్లల్ని అడగండి, సెంటర్ మేనేజర్‌ను కాదు. ఆ సెంటర్ ఎవరి మనిషిదన్నది మీకు ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు. సిఫార్సు ఫోన్లు ఆగవు, ఆపాలని చూసినా లాభం లేదు. బ్యాచ్‌లు ఇచ్చేందుకు ఆరో నెల లెక్క, హాస్టల్ తనిఖీ రిపోర్టు, ఈ రెండే ప్రాతిపదికని కమిటీ మినిట్స్‌లో రాయించేస్తే, "సార్, కమిటీ తీర్మానం ఉంది కదా, నా చేతుల్లో లేదు" అని మర్యాదగా చెప్పుకోవడానికి మీకో గోడ దొరుకుతుంది.

జాబ్ మేళాలు మానేయమని నేను అనను. పై నుంచి ఎలాగూ పెట్టమంటారు, ఫ్లెక్సీలు ఎలాగూ పడతాయి. కానీ జిల్లా కేంద్రంలో యాభై కంపెనీలతో జాతర పెట్టేకంటే, ఒక మండలంలో నాలుగు కంపెనీలతో పెట్టి, వచ్చినవాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లను మర్నాడే బస్సులో ప్లాంటుకు తీసుకెళ్లి చూపిస్తే చేరేవాళ్లు నికరంగా ఉంటారు. బస్సులో అమ్మానాన్నలకూ సీటు ఇవ్వండి. ఆడపిల్లల విషయంలో ఇంకో పద్ధతి బాగా పనిచేస్తుంది, ముందు ఊరి డ్వాక్రా సంఘం లీడర్లను తీసుకెళ్లి హాస్టల్, క్యాంటీన్, బస్సు చూపించండి. అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారంటే అక్కడ బస్సు ఊళ్ల దాకా వస్తోంది కాబట్టే. "మా సుజాతక్క చూసొచ్చింది, బాగానే ఉందంట" అన్న మాటకున్న విలువ మన బ్రోచర్‌కు లేదు.

తేదీల దగ్గర జాగ్రత్త. డిసెంబర్‌లో చేర్పించిన బ్యాచ్ సంక్రాంతికి ఊరొస్తుంది, వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ బస్సెక్కరు. తెలంగాణలో దసరా ముందు చేర్పించినా అంతే. పండగ అయ్యాక చేర్పించండి. గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతలప్పుడు రోజు కూలి ఎక్కువ గిట్టుతుంది, ఆ నెలల్లో మొబిలైజేషన్‌కు, అంటే ట్రైనింగ్‌కు పిల్లల్ని కూడగట్టడానికి వెళ్లి "ఎవరూ రావట్లేదు, యువతకు ఆసక్తి లేదు" అని రిపోర్టు రాయడం అన్యాయం.

భద్రత గురించి ఒక్క మాటైనా చెప్పకుండా ఫార్మాకు, కెమికల్స్‌కు ఎవరినీ పంపొద్దు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది చనిపోయారు, 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారం ఫ్యాక్టరీ ప్రమాదం అంతకన్నా పెద్దది. తల్లిదండ్రులు ఆ వార్తలు చూసే ఉంటారు, మీరు దాటేసినా వాళ్ల మనసులో ఉంటుంది. సాల్వెంట్ వాసన వస్తే ఏం చేయాలి, బయటికి దారి ఎటు, ఏ పని "నేను చేయను సార్" అని చెప్పొచ్చు, ఇవి చేరకముందే ఒక రోజంతా నేర్పించండి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌ను పిలిస్తే వస్తారు. ప్రమాదాలు పదే పదే జరిగే యూనిట్‌కు, హెచ్‌ఆర్ ఎంత బతిమాలినా, మీ సంతకంతో పిల్లల్ని పంపకండి.

అందరూ ఊరు వదలలేరు. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లు, ముసలి తల్లిదండ్రులున్నవాళ్లు, ఉన్న ఊళ్లోనే ఏదైనా చేసుకోవాలనుకునేవాళ్లు. వాళ్లను ఫ్యాక్టరీ లిస్టులో ఇరికించి డ్రాపౌట్లు పెంచుకోవడం ఎందుకు, స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే ఆర్‌సెటీకి పంపండి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ నమూనాలో పెట్టినవివి, జిల్లాకొకటి ఉండాలన్న లెక్కన బ్యాంకులు నడుపుతాయి, శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా. నాకు వాళ్లలో నచ్చేది, ట్రైనింగ్ అయిపోయాక రెండేళ్లు ఫాలో అప్ చేయాలన్న నియమం. అయితే కథ లోన్ దగ్గర ఆగిపోతుంది. జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్‌ను మీ కమిటీ మీటింగ్‌కు పిలిచి, పెండింగ్ అప్లికేషన్లు పేర్లతో సహా చదివించండి.

గల్ఫ్ గురించి మీ దగ్గరకు అడిగేవాళ్లు వస్తారు, జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, రాయచోటి ప్రాంతాల్లో అయితే మరీను. ఏజెంట్ రిజిస్టర్ అయినవాడో కాదో, విదేశీ ఉద్యోగాల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అప్పటికప్పుడు చూసి చెప్పే ఏర్పాటు మీ ఆఫీసులో ఉంటే చాలు. సర్వీస్ చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. లక్షన్నర అడిగినవాడి పేరు పోలీసులకు ఇవ్వండి.

సిబ్బంది ఎక్కువగా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లే ఉంటారు, వాళ్ల జీతాలే నెలల తరబడి ఆలస్యమవుతుంటాయి. జీతం టైముకు పడని మనిషితో "నీ జీతం పడిందా బాబూ?" అని ఫోన్లు చేయించాలంటే మీకే నోరు రాదు, కాబట్టి వాళ్ల బిల్లులు ప్రతి నెలా మీరే వెంటపడి పాస్ చేయించండి. ఫోన్లు చేసే పనికి ఇదివరకు ట్రైనింగ్ తీసుకుని ఏడాదో రెండేళ్లో ఫ్యాక్టరీలో పనిచేసొచ్చిన అమ్మాయి దొరికితే పెట్టుకోండి. "అక్కా, సూపర్‌వైజర్ తిడుతున్నాడు" అని మీతో చెప్పనిది ఆమెతో చెప్తారు. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి చేస్తే చాలు, జారిపోయేవాళ్లలో ఎక్కువమంది జారేది ఆ మొదటి నెలలోనే.

ఈ ఫోన్ల కోసం ఒక సిమ్ ఆఫీసు పేరు మీద తీసుకోండి, లిస్టులన్నీ ఆఫీసు మెయిల్‌లో పెట్టండి. మీకు బదిలీ వచ్చినప్పుడు చార్జ్ తీసుకునే అధికారికి ఫైళ్లతో పాటు ఆ సిమ్, ఆ పాస్‌వర్డ్, ఏ కంపెనీలో ఏ హెచ్‌ఆర్ మాట నిలబెట్టుకుంటాడో రాసిన ఒక పేజీ చేతికివ్వండి.